ఎల్వుడ్ వేలు, రెండు ఔన్సుల ట్రిగ్గరు

మనవరాలు పుట్టి మూడు నెలలు కావస్తున్నా ఎల్వుడ్ గెరెట్ ఆ పిల్లని ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. ఆసుపత్రిలో జలుబన్నాడు. ఇంటికొచ్చాక చేతులకి గ్రీజన్నాడు. ఆ తర్వాత మోకాలన్నాడు. మనిషికి ఎన్ని సాకులుంటాయి! వినీ వినీ విసుగెత్తి ఆయన కూతురు జానెల్ ఆదివారం భోజనాలకి రావడమే మానేసింది. పిల్ల తండ్రి పెళ్ళి మాట ఎత్తకుండానే జారుకున్నాడు కాబట్టి, నాన్నకి ఆ పిల్ల పుట్టుకే నచ్చలేదని ఆమె నిశ్చయానికి వచ్చేసింది.

అసలు సంగతి ఎల్వుడ్ ఒక్కడికే తెలుసు. ఆయనకి తన కుడిచేతి మీద నమ్మకం పోయింది. ఆ చేత్తో పిల్లని ఎత్తుకుంటే ఎక్కడ జారవిడుస్తాడోనని ఆయన భయం.

ఆ భయం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలంటే ముందు ఆయన ఆట గురించి చెప్పాలి. పెన్సిల్వేనియా కొండల్లో, మా హెమ్లాక్ రన్ లోయలో, మగాళ్ళూ ఆడవాళ్ళూ కూడా తుపాకీని బల్ల మీద పెట్టి కాల్చే ఆట ఒకటుంది. ముందొక ఇసుక సంచి, వెనకొక ఇసుక సంచి, వాటి మీద రైఫిలు, దాని వెనక స్టూలు మీద మనిషి. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు చూసి నవ్వుతారు. "బల్లే మోస్తోంది, సంచే పట్టుకుంటోంది, ఇక మీరు చేసేదేముంది?" అంటారు. అలా అన్నవాణ్ణి కూర్చోబెట్టి కాల్చమనండి, తెలుస్తుంది. వంద గజాల దూరంలో అయిదు గుళ్ళూ ఒకే చిల్లులోంచి దూరాలి. అయిదు కలిపి చొక్కా గుండీకన్నా పెద్ద కన్నం పడిందా, ఆ మనిషి ఆ రోజు భోజనాల దగ్గర తల ఎత్తడు.

ఇంత సూక్ష్మం కావాలంటే ట్రిగ్గరు తేలిగ్గా ఉండాలి. జింకల వేటకి వెళ్ళేవాడి తుపాకీ ట్రిగ్గరు లాగాలంటే కిలోన్నర బలం పెట్టాలి. వీళ్ళది రెండు ఔన్సులు. ఒక కోడిగుడ్డంత బరువు, అంతే. వేలు ఆనించి, కాల్చాలి అనుకుంటే చాలు, పేలిపోతుంది. అలాంటి ట్రిగ్గరుకి తాళం లాంటిదేమీ ఉండదు. అందుకని వీళ్ళ జాగ్రత్తంతా బోల్టులో ఉంటుంది. తుపాకీ వెనక దూరే ఆ ఇనప కడ్డీ బయట ఉన్నంతసేపూ రైఫిలు ఉత్త గొట్టం. గురికాగితాలు మార్చడానికి మనుషులు అటు నడిచినప్పుడు ప్రతి బోల్టూ బయట, అందరికీ కనపడేలా బల్ల మీద ఉండాల్సిందే. "బోల్టులు పెట్టండి" అని పెద్దరికం చేసే మనిషి అరిచాకే లోపల పెట్టాలి. "కాల్చండి" అన్నాకే కాల్చాలి. ఈ రెండు మాటల మధ్య ఎవరి తుపాకీ పేలినా, వాడు తన బోల్టు తనే తీసి, నడిచివెళ్ళి, ఆ పెద్దమనిషి చేతిలో పెట్టాలి. అందరి కళ్ళముందూ. పెళ్ళి పందిట్లో తాళి తప్పుగా కట్టినంత అవమానం అది.

ఎల్వుడ్ ఈ ఆట ఆడబట్టి ముప్ఫయ్యేళ్ళు దాటింది. అన్నేళ్ళుగానే స్కూలు బస్సు కూడా నడిపాడు. మంచు పేరుకుపోయిన కొండ మలుపుల్లో, వెనక సీట్లలో చిందులేస్తున్న పిల్లల అరుపుల మధ్య, బస్సుకి గీత పడనివ్వలేదు. నెమ్మదస్తుడు. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. బీట్‌రూట్ రసంలో ఊరేసిన గుడ్లంటే ప్రాణం. అలాంటి మనిషికి ఏప్రిల్లో ఒకరోజు, ఒంటరిగా అభ్యాసం చేసుకుంటుంటే, బోల్టు మూస్తుండగానే తుపాకీ ఠాప్పున పేలింది.

గుండు ఎదురుగా ఉన్న మట్టికట్టలోకి పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఎల్వుడ్ మాత్రం అలాగే కూర్చుండిపోయాడు. వేలు ట్రిగ్గరు మీద ఉందా? లేదనే అనుకున్నాడు. మరి ఎలా పేలింది? తగిలే ఉంటుంది. తగలకుండా పేలడానికి తుపాకీకేమైనా దయ్యం పట్టిందా? తగిలింది, ఆ తగలడం తనకి తెలియలేదు. అంటే వేలికి స్పర్శ పోయింది. ఆలోచన ఇక్కడికి వచ్చేసరికి ఆయన రైఫిలు పెట్టెలో పెట్టేసి ఇంటికొచ్చేశాడు.

ఎందుకంటే వాళ్ళ నాన్నకి కూడా అలాగే మొదలైంది. ముందు వేళ్ళు మొద్దుబారాయి, తర్వాత వణుకు, ఆ తర్వాత సూపు చెంచా నోటిదాకా వెళ్ళేది కాదు. ఆ ముసలాయన వేట తుపాకీని గోడ మీదనుంచి తీసి పట్టుకుపోయినవాడు ఎల్వుడే. ఆ రోజు నాన్న మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ మొహం ఎల్వుడ్ మర్చిపోలేదు.

జూన్లో మళ్ళీ జరిగింది. అప్పుడూ ఒక్కడే ఉన్నాడు. దానికి ముందే, మేలో, బస్సు మానేశాడు. "విసుగెత్తింది" అన్నాడు స్కూలువాళ్ళతో. ముప్ఫయ్యేళ్ళు ఎత్తని విసుగు ఇప్పుడెందుకెత్తిందని ఆయన భార్య ఆర్డిత్ అడిగితే లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. జూన్ నెలాఖరున పిల్ల పుట్టింది. దానికి మేబెల్ అని ఆర్డిత్ వాళ్ళమ్మ పేరే పెట్టారు. ఎత్తుకోమని చేతికిస్తే ఎల్వుడ్ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. జానెల్ మొహం పాలిపోయింది.

ఇంత భయమున్నవాడు తుపాకీ ఎందుకు మానలేదంటారా? నేనూ అదే అంటాను. మానాలి. మర్నాడే మానాలి, లేదా ఎవరికైనా చెప్పాలి. కానీ బస్సు మానేస్తే విసుగని చెప్పొచ్చు, తుపాకీ మానేస్తే మా లోయలో ప్రతివాడూ వచ్చి ఎందుకని అడుగుతాడు. "ఈ సీజను ఆఖరి పోటీ ఒక్కటి కాల్చి ఆపేస్తాను" అని తనకి తనే మాటిచ్చుకున్నాడు. మొండితనానికి ముహూర్తాలు పెట్టుకోవడం మగాళ్ళకి బాగా తెలుసు.

ఆ ఆఖరి పోటీ సెప్టెంబరులో ఒక శనివారం వచ్చింది. పొద్దున్న ఎల్వుడ్ రైఫిలు పెట్టె ట్రక్కులో పెడుతుంటే ఆర్డిత్ మెట్ల మీద నిలబడింది.

"రేపు కూడా జానెల్ రాదట. ఇప్పుడే ఫోన్ చేసింది."

"పనుందేమో."

"పనా, పాడా? నువ్వు పిల్లని ముట్టుకోవని. 'నాన్నకి మేమంటే సిగ్గుగా ఉంది' అని ఏడ్చింది నా దగ్గర. విన్నావా?"

ఎల్వుడ్ పెట్టె బెల్టు బిగించాడు. అప్పటికే బిగిసి ఉంది, మళ్ళీ బిగించాడు.

"ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఎత్తుకోవయ్యా. నీ సొమ్మేం పోతుంది?"

"నీకు తెలీదు, వదిలెయ్."

"తెలీదు కాబట్టే అడుగుతున్నాను! చెప్పి చావచ్చుగా!"

ఆయన ట్రక్కెక్కి వెళ్ళిపోయాడు. దారిపొడుగునా కుడిచేతిని స్టీరింగు మీద పెట్టి దానివైపే చూసుకున్నాడు. అది వణకడం లేదు. వణకకపోయేసరికి ఇంకా భయమేసింది. నాన్నకి కూడా మొదట్లో వణికేది కాదు.

ఈ ఆట ఆడేవాళ్ళ క్లబ్బులో పెద్దరికం డోరిన్ స్టాల్‌ది. అరవై ఏళ్ళ మనిషి, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైంది, ఆవిడ గొంతుకి మైకు అక్కర్లేదు. నోట్లోంచి వచ్చే మాట కత్తిలా ఉంటుంది గానీ చెయ్యి మంచిది, ప్రతి పోటీకీ చికెన్, మొక్కజొన్న సూపు ఆవిడే కాచి తెస్తుంది. ఎల్వుడ్ పక్కబల్ల ఎప్పుడూ క్లెయిర్ మాంగస్‌ది. చిన్నప్పటినుంచీ స్నేహితుడు, వాగుడుకాయ.

"ఏరా, మొహం అలా పెట్టావు? ఆర్డిత్ పొద్దున్నే వాయించిందా?" అన్నాడు క్లెయిర్.

"నోరు మూసుకుని జెండాలు చూసుకో," అన్నాడు ఎల్వుడ్. గాలి ఎటు వీస్తోందో చూపించే చిన్న జెండాలు గడ్డిలో వరసగా ఊగుతున్నాయి.

మొదటి విడత సాఫీగా అయింది. ఎల్వుడ్ అయిదు గుళ్ళూ ఎంత దగ్గరగా పడ్డాయంటే క్లెయిర్ దుర్భిణిలోంచి చూసి బూతు తిట్టాడు. అది మా దగ్గర మెచ్చుకోలు. ఆ తర్వాత అందరూ బోల్టులు తీసి, రైఫిళ్ళు మోసుకెళ్ళి, గొట్టాలు కడుక్కున్నారు. ప్రతి విడత తర్వాతా కడగడం వీళ్ళకి స్నానం లాంటిది. వెనకనుంచి కడ్డీకి గుడ్డ పీలిక తగిలించి, మసిని కరిగించే ఘాటు వాసన మందులో ముంచి, గొట్టంలోకి తోస్తారు. ఎల్వుడ్ కూడా తన మడతకుర్చీలో కూర్చుని శ్రద్ధగా కడిగాడు. మార్చిలో మోకాలికి ఆపరేషన్ అయ్యాక ఆర్డిత్ కొనిచ్చిన కుర్చీ అది.

రెండో విడత. "బోల్టులు పెట్టండి!" అని డోరిన్ అరిచింది.

ఎల్వుడ్ బోల్టు పెట్టాడు. గుండు వేశాడు. పిడి పట్టుకుని కిందికి మూశాడు.

ఠాప్!

ఎదురుగా మట్టికట్టలోంచి కాస్త దుమ్ము లేచింది. అటువైపు మనుషులెవరూ లేరు. లేకుండా చూసుకోవడానికేగా ఈ అరుపులన్నీ. అయినా పద్నాలుగు బల్లల దగ్గర పద్నాలుగు తలలూ ఒకేసారి ఇటు తిరిగాయి.

"ఆపండి! అందరూ బోల్టులు బయటికి!" అంది డోరిన్. ఈసారి అరవలేదు, మామూలుగానే అంది, దానికే ఎక్కువ భయమేసింది.

ఎల్వుడ్ తన బోల్టు తీశాడు. లేచి నడిచాడు. ఆ నాలుగడుగుల దూరంలో ముప్ఫయ్యేళ్ళ పరువు కాళ్ళకింద నలిగినట్టనిపించింది. డోరిన్ అరచెయ్యి చాపింది, ఆయన అందులో పెట్టాడు.

"భోజనాలయ్యాక ట్రిగ్గరు పరీక్ష," అంది ఆవిడ. "అందాకా ఈ రైఫిలు ఎవరూ ముట్టుకోవద్దు."

రైఫిలుని ఎండలో ఉన్న మేకుల వరసలో, గొట్టం మూతి కిందికి ఉండేలా ఆనించి పెట్టారు. సూపు వచ్చింది. బెల్లప్పాకంతో కాల్చిన తీపి రొట్టె ముక్కలు వచ్చాయి. ఎల్వుడ్ ఏదీ ముట్టలేదు. క్లెయిర్ ఎన్ని వేళాకోళాలు చేసినా ఒక్కదానికీ మొహం విప్పలేదు.

ట్రిగ్గరు పరీక్షలో మూడు అంగాలు. ఖాళీ తుపాకీని నిలువుగా పట్టుకుని ట్రిగ్గరుకి రెండు ఔన్సుల తూకం తగిలిస్తారు, అది పడకుండా మొయ్యాలి. తర్వాత బోల్టుని బలంగా కొట్టి మూస్తారు, గుండుని పొడిచి పేల్చే లోపలి సూది జారకూడదు. ఆఖర్న తుపాకీ మడమని రబ్బరు చాప మీద ధబాలున దింపుతారు, అప్పుడూ జారకూడదు. మూడిట్లో ఏది తప్పినా తప్పు తుపాకీది. మూడూ నెగ్గితే తప్పు మనిషిది. మనిషి తప్పయితే పడ్డ అవమానంతో సరి, బోల్టు తిరిగిచ్చేస్తారు; తుపాకీ తప్పయితే దానికి ఇక ఆ రోజు ఆట లేదు.

ఇక్కడే ఉంది చూడండి విడ్డూరం. చుట్టూ మూగినవాళ్ళంతా ఎల్వుడ్ ట్రిగ్గరు నెగ్గాలని కోరుకుంటున్నారు. ఎల్వుడ్ ఒక్కడే, చేతులు రెండూ జేబుల్లో కుక్కుకుని, నా తుపాకీ ఓడిపోవాలి దేవుడా అని మొక్కుకుంటున్నాడు.

తూకం తగిలించారు. మోసింది.

"ఒకటి!" అన్నాడు క్లెయిర్ హుషారుగా.

డోరిన్ బోల్టు కొట్టి మూసింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ. సూది జారలేదు.

"రెండు! చెప్పలా? మావాడి ట్రిగ్గరు బంగారం!"

చాప మీద దింపారు. ఒకసారి కాదు, డోరిన్‌కి అనుమానం తీరేదాకా దింపారు. ట్రిగ్గరు కదల్లేదు.

"మూడు! ఇంకేంటి, ఇచ్చెయ్ వాడి బోల్టు వాడికి!" అని క్లెయిర్ ఎల్వుడ్ వీపు మీద చరిచాడు.

అందరూ నవ్వుతున్నారు. ఆ నవ్వుల మధ్య నిలబడి ఎల్వుడ్, ఏప్రిల్ నుంచి ఎవరికీ చెప్పని మాట చెప్పేశాడు.

"ఇవ్వకు, డోరిన్. తప్పు నా చేతిది. ఇది మొదటిసారి కాదు. ఏప్రిల్లో పేలింది, జూన్లో పేలింది. నాకు వేళ్ళలో తెలియడం లేదు. మా నాన్నకి వచ్చిందే నాకూ వచ్చింది. క్లెయిర్, రైఫిలు నువ్వు తీసుకో."

నవ్వులు ఆగిపోయాయి. క్లెయిర్ నోరు తెరిచాడు గానీ, పుట్టాక మొదటిసారి అందులోంచి మాట రాలేదు. డోరిన్ మొహం మాత్రం ఎర్రబడింది.

"ఏప్రిల్లోనా? ఏప్రిల్ నుంచి తెలిసీ మా పక్కన కూర్చుని కాల్చావా? నీకు బుద్ధుందా, ఎల్వుడ్ గెరెట్? నీ బస్సులో ఎక్కినవాళ్ళలో నా మనవలున్నారు!"

"అందుకే బస్సు మానేశాను."

ఆ మాటతో ఆవిడ కోపం సగం దిగిపోయింది. దిగినా వదల్లేదు. పోస్టాఫీసులో పోయిన పార్సిల్ని ఆరాతీసినట్టు మొదలుపెట్టింది.

"ఏప్రిల్లో ఎప్పుడు? కాల్పు మొదట్లోనా, మధ్యలోనా?"

"మధ్యలో. కడుక్కొచ్చి కూర్చున్నాక."

"జూన్లో?"

ఎల్వుడ్ ఆలోచించాడు. "కడుక్కొచ్చాకే."

"ఇవాళ?"

"…కడుక్కొచ్చాకే."

"కడగకుండా ఎప్పుడైనా పేలిందా?"

లేదు. ఎంత గుర్తుచేసుకున్నా లేదు. డోరిన్ వెళ్ళి ఎల్వుడ్ కడిగే చోటు ముందు నిలబడింది. అక్కడ రైఫిలు ఆన్చే చిన్న స్టాండు, దాని ముందుకాళ్ళ కింద ఒక ఇటుక, వెనక మడతకుర్చీ.

"ఈ ఇటుకేంటి?"

"మోకాలు. నిలబడి కడగలేకపోతున్నాను. కూర్చుంటే వెనకభాగం అందదు, అందుకని ముందు ఎత్తు పెట్టా."

"అంటే మూతి పైకి. వెనక కిందికి."

"ఊఁ."

"మరి మందు ఎటు కారుతుందయ్యా?"

ఎల్వుడ్ నోరు వెళ్ళబెట్టాడు. ఆ ప్రశ్న ఆయన ఎంతమంది కొత్తవాళ్ళని అడిగి ఉంటాడో! మూతి కిందికి పెట్టి కడగరా, లేకపోతే మందంతా ట్రిగ్గరులోకి పోయి, జిడ్డుకట్టి, సూదిని పట్టి ఆపదని ఎంతమందికి చీవాట్లు పెట్టాడో! మోకాలు నొప్పెట్టేసరికి ఇటుక పెట్టాడు. ఇటుక పెట్టేసరికి మిగతాదంతా బుర్రలోంచి ఎగిరిపోయింది. ఆ తర్వాత చెయ్యి మీద పడిన అనుమానం కళ్ళకి గంతలు కట్టేసింది.

"ఇందాక రెండు గంటలు ఎండలో, మూతి కిందికి ఆరబెట్టి పరీక్ష చేశాం మనం," అంది డోరిన్. "మన తెలివి తెల్లారినట్టే ఉంది. ఇప్పుడు నువ్వు కడిగినట్టే నేను కడుగుతాను."

ఆవిడ కుర్చీలో కూర్చుంది. ఇటుక అలాగే ఉంది. కడ్డీతో మందు తోసింది, ఆయన తోసినన్నిసార్లూ. లేచి రైఫిలుని బల్ల మీది సంచుల మీద పెట్టింది. గుండు లేదు. అందరినీ వెనక్కి జరగమంది. రెండు వేళ్ళతో బోల్టు పిడి మాత్రం పట్టుకుని, మెల్లగా, పాలగిన్నె మీద మూత పెట్టినట్టు కిందికి దించింది.

టిక్.

సూది జారింది.

ట్రిగ్గరు దగ్గర ఎవరి వేలూ లేదు. డోరిన్ ఎడమచెయ్యి గాల్లో ఉంది. ఎల్వుడ్ చేతులు రెండూ ఇంకా జేబుల్లోనే ఉన్నాయి.

"మళ్ళీ," అన్నాడు ఎల్వుడ్. ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది.

మళ్ళీ మూసింది. టిక్.

"ఇంకోసారి. నీ పుణ్యముంటుంది, ఇంకోసారి."

టిక్.

ఎల్వుడ్ ప్రాణం లేచొచ్చింది. ఎండ, గడ్డి, జెండాలు, సూపు వాసన, అన్నీ ఎవరో ఇప్పుడే తెచ్చి ఎదురుగా పెట్టినట్టయింది. మోకాలి మాట మర్చిపోయి అక్కడే నేల మీద కూలబడ్డాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో క్లెయిర్‌కి అర్థం కాక, "ఒరేయ్, నీ గుండె బానే ఉందా? ఇప్పుడిక దాన్ని అనుమానించడం మొదలెట్టకు!" అని భుజాలు పట్టుకుని కుదిపాడు.

తర్వాత ట్రిగ్గరుని ఊడదీసి, సిగరెట్ లైటర్లో పోసే పెట్రోలుతో తెల్లగుడ్డ మీద కడిగారు. నల్లటి జిడ్డు కారింది. ఇంకా కారింది. ఎంత కారితే ఎల్వుడ్ మొహం అంత వెలిగింది. కడుపునిండా తిన్నవాడిలా ఆ మురికిని చూస్తూ కూర్చున్నాడు. ఆ గుడ్డ నాకివ్వమని అడిగి జేబులో కూడా పెట్టుకున్నాడు.

బోల్టు మాత్రం డోరిన్ ఇవ్వలేదు.

"ఇవాల్టికి నా దగ్గరే ఉంటుంది. తుపాకీ తప్పు తుపాకీకి పోయింది. ఏప్రిల్ నుంచి నోరు మూసుకున్న తప్పు నీది. వచ్చే సీజను మొదలయ్యేదాకా నువ్వు కాల్చవు, నిలబడి జెండాలు పాతుతావు. ఒప్పుకుంటావా?"

"పాతుతాను," అన్నాడు ఎల్వుడ్. ఆ క్షణాన లోయంతా జెండాలు పాతమన్నా పాతేవాడు.

"పోయి ఆ సూపు తాగు. చల్లారిపోయింది. నీకు అదే శిక్ష."

ఇంటికొచ్చి ఆర్డిత్‌కి అంతా చెప్పాడు. ఆవిడ మొదట కుర్చీ కొన్నది తనేగా అని నొచ్చుకుంది. తర్వాత అసలు సంగతి తలకెక్కి చేతిలో ఉన్న గరిటె సింకులో విసిరేసింది.

"ఆరు నెలలు! పక్కలో పడుకుని ఆరు నెలలు నాకు చెప్పలేదు! బస్సు పోయింది, అది ఇప్పుడు ఇంకొకడు నడుపుతున్నాడు. పిల్ల ఏడ్చింది. నేను ఏడ్చాను. ఏంటయ్యా నీకు, నాలిక్కి కూడా ఇటుక పెట్టావా?"

"పెట్టాను," అన్నాడు తల దించుకుని.

ఆవిడ కాఫీ కప్పు అంచుదాకా నింపి ఆయన కుడిచేతికిచ్చింది. పట్టుకున్నాడు. ఒక్క చుక్క ఒలకలేదు. ఆవిడ ఆ చేతినీ కప్పునూ కలిపి తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఏడుపు ఆపుకోలేకపోయింది. "సోమవారం డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళాల్సిందే, నేను నమ్మను నిన్ను," అంది. ఆయన సరేనన్నాడు. ఆ రోజు ఆయన కాదన్న మాటేదీ లేదు.

ఆ సాయంత్రమే ఇద్దరూ వాగుకి అవతలున్న జానెల్ ఇంటికి వెళ్ళారు. జానెల్ తలుపు తీసి ఇద్దర్నీ చూసి, లోపలికి రమ్మనకుండా నిలబడింది. పిల్ల భుజం మీద ఉంది.

"ఏంటి నాన్నా, ఇవాళ జలుబు లేదా?"

ఎల్వుడ్ దారిలో కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. జేబులోంచి నల్లగుడ్డ తీసి చూపించి, అడ్డదిడ్డంగా, వెనకది ముందు ముందుది వెనక చెప్పుకుపోయాడు. ఏప్రిల్, తాతయ్య వేళ్ళు, ఇటుక, మందు, టిక్. జానెల్ కూడా ఆ క్లబ్బు గడ్డిలో పెరిగిన పిల్లే, సగం చెప్పేసరికి మిగతా సగం అర్థమైంది. అర్థమయ్యాక ఆమె కళ్ళు ఇంకా చిన్నవయ్యాయి.

"నేనేమనుకున్నానో తెలుసా నీకు?"

"తెలుసు. అమ్మ చెప్పింది."

"తెలిసీ ఊరుకున్నావా? నా బిడ్డంటే నీకు సిగ్గని నేను అనుకుంటుంటే, అలాగే అనుకోనిచ్చావా?"

ఎల్వుడ్ తప్పించుకోలేదు. "అనుకోనిచ్చాను. నువ్వు నన్ను తిట్టుకుంటే తిట్టుకుంటావు, మేబెల్‌కి ఏమీ కాదుగా అనుకున్నాను. నా చెయ్యి జారి పిల్ల కింద పడితే…" గుడ్డని మళ్ళీ జేబులో కుక్కుకున్నాడు. "చెప్పాల్సింది. నీకు చెప్పాల్సింది, తల్లీ."

జానెల్ పిల్లని ఇంకో భుజం మీదికి మార్చుకుంది. "ముందెళ్ళి చేతులు కడుక్కో. కంపు కొడుతున్నావు," అంది.

ఆయన సబ్బు పెట్టి మోచేతులదాకా కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. సోఫాలో కూర్చుంటానంటే జానెల్ ఒప్పుకోలేదు.

"కూర్చోకూడదు. నిలబడే ఎత్తుకో. నమ్మకమేగా పోయింది నీకు? నాకు ఉంది."

పిల్లని తీసి ఆయన కుడిచేతి వంపులో పెట్టింది. పెట్టి, తన చేతులు వెనక్కి తీసేసుకుంది. మేబెల్ ఈ కొత్త మొహాన్ని, మందు వాసనని ఒక్క నిమిషం సహించి, మూతి విరిచి, ఇల్లెగిరిపోయేలా ఏడుపు అందుకుంది.

"ఇటివ్వు నాన్నా, నేను ఊరుకోబెడతాను."

"ఏడవనీవే," అన్నాడు ఎల్వుడ్, పిల్లని ఇంకాస్త దగ్గరికి తీసుకుంటూ. "నా చేతుల్లోనేగా. ఏడవనీ."

ఆయనా ఏడుస్తూనే ఉన్నాడు. ఎవరూ ఎవరినీ ఊరుకోమనలేదు.